పాత యుద్ధ విమానంలోని మీటర్లను గుర్తుపట్టడం ఎలా?



విశాఖపట్నం బీచ్ రోడ్డులో, కురుసుర జలాంతర్గామికి ఎదురుగా టి.యు.-142 అనే పెద్ద విమానం ఉంది. సోవియట్ యూనియన్‌లో తయారైన ఈ రకం విమానాలు 1988 నుండి 2017 మార్చి వరకు మన నౌకాదళంలో పనిచేశాయి. సముద్రంలో దాగిన జలాంతర్గాములను వెతకడం వీటి పని. 29 ఏళ్లలో ప్రమాదం లేకుండా దాదాపు 30,000 గంటలు ఎగిరాయి. 2017 డిసెంబరులో ఆ విమానాన్ని మ్యూజియంగా ప్రారంభించారు.

మన హాస్టల్లో చదివి పి.జి.లో చేరిన మేము నలుగురం, పదో తరగతి తమ్ముడొకణ్ణి వెంటబెట్టుకొని చూడబోయాం. పైలట్ గది నిండా మీటర్లే. "అన్నా, వీటిలో ఎత్తు చెప్పేది ఏది?" అన్నాడు తమ్ముడు. మేము ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం. మా ఇళ్లల్లో మేమే మొదటి డిగ్రీవాళ్లం. అడిగినదానికి జవాబు లేకపోతే ఎంత సిగ్గో మీకు తెలుసు. తిరిగొచ్చాక పుస్తకాలు వెతికి నేర్చుకున్నదే ఈ వ్యాసం.

పాత సోవియట్ విమానాల్లో మీటర్ల మీద తరచుగా రష్యన్ అక్షరాలుంటాయి. ఇంగ్లీషు 'పి'లా కనిపించేదాన్ని వాళ్లు 'ర' అనీ, 'హెచ్'లా కనిపించేదాన్ని 'న' అనీ చదువుతారు. కాబట్టి రాతను వదిలి, అంకెలను, ముళ్లను చూడాలి.

ఎత్తు మీటరు గడియారంలాగే ఉంటుంది. కాని బయటి వలయంలో 12 అంకెలకు బదులు 0 నుండి 9 వరకే ఉంటాయి. గాలి ఒత్తిడి అంకె చూపే చిన్న కిటికీ కూడా ఉంటుంది. లోపల పలుచని రేకు డబ్బీ ఉంటుంది. పైకి పోయేకొద్దీ బయటి ఒత్తిడి తగ్గి డబ్బీ ఉబ్బుతుంది, ముల్లు తిరుగుతుంది. సోవియట్ విమానాల్లో ఎత్తు మీటర్లలో, పాశ్చాత్య విమానాల్లో అడుగుల్లో ఉంటుంది.

వేగం మీటరులో వందల అంకెలుంటాయి. ముందుకు పొడుచుకొచ్చిన గొట్టంలోకి దూరే గాలి ఒత్తిడితో అది పనిచేస్తుంది. సున్నా ఎడమవైపు మధ్యలో ఉండి, ముల్లు పైకీ కిందికీ కదిలితే, అది విమానం ఎక్కుతోందా దిగుతోందా చెప్పేది. 360 డిగ్రీలున్నది దిక్సూచి.

అన్నిటికంటే ముఖ్యం, పైలట్ ఎదురుగా ఉండే కృత్రిమ క్షితిజం. మబ్బులో విమానం వంగి తిరుగుతున్నా, కాసేపటికి చెవిలోని ద్రవం సర్దుకొని, తిన్నగానే పోతున్నామని శరీరం అబద్ధం చెబుతుంది. దాన్ని నమ్మితే ప్రాణాలు పోతాయి. బొంగరంలా తిరిగే గైరో చక్రం మాత్రం తన దిశ వదలదు. ఆ మీటరే నిజం చెబుతుంది.

ఆటోపైలట్ పలక సులువుగా దొరుకుతుంది. దానిలో ముళ్లకంటే మీటలు, తిప్పే గుండీలు ఎక్కువ. ఒకటి మలుపుకు, మరొకటి ముక్కు ఎత్తడానికి, దించడానికి. గైరో తేడాను పసిగట్టగానే మోటార్లు రెక్కల, తోక పలకలను కదిలిస్తాయి. 1914లో లారెన్స్ స్పెర్రీ పారిస్‌లో రెండు చేతులూ పైకెత్తి విమానం నడిపి చూపించింది ఈ సూత్రంతోనే. అయితే దాన్ని వెంటనే ఆపే గుండీ సాధారణంగా పైలట్ చేతికర్రపైనే, వేలికి అందేలా ఉంటుంది. చివరి బాధ్యత మనిషిదే.

తమ్ముళ్లూ, ఆ రోజు బాకీపడిన జవాబు ఇది. ఈసారి మీరు వెళ్లినప్పుడు, మీ వెనుక నిలబడ్డ చిన్నవాళ్లకు చెప్పండి.