పాత మల్లార్డ్ ట్యూబ్‌కీ కొత్త ట్యూబ్‌కీ తేడా నిజంగా వినిపిస్తుందా? టెస్ట్ చేసి చూశా

ఆఫీసులో ఒక జూనియర్ నా డెస్క్ దగ్గరికొచ్చి, "అన్నా, నువ్వు చెప్పిన ఆ మల్లార్డ్ ట్యూబ్ లింక్ పంపవా? శాలరీ పడింది, ఇవాళే ఆర్డర్ పెట్టేస్తా" అన్నాడు. రేటు 8 వేల పైమాటే. అంతకు ముందు వారమే వాడికి నా సెటప్ వినిపించి, "ఈ ట్యూబ్ పెట్టాక సింగర్ గొంతు ఎంత దగ్గరగా వినిపిస్తోందో చూడు" అని ఊదరగొట్టింది నేనే. లింక్ కాపీ చేశాక చెయ్యి ఆగిపోయింది. నేను నిజంగా తేడా విన్నానా, లేక డబ్బు పెట్టాను కాబట్టి విన్నాననుకున్నానా? "కొంచెం ఆగరా, చెక్ చేసి చెప్తా" అన్నా.

ముందు బేసిక్స్ చూద్దాం. నా దగ్గరున్న యాంప్ పేరు బాటిల్‌హెడ్ క్రాక్. విడి భాగాలుగా వస్తుంది, సోల్డరింగ్ మనమే చేసుకోవాలి. ఇందులో రెండు ట్యూబులు ఉంటాయి. చిన్నది 12ఏయూ7, యూరప్ వాళ్లు దీన్నే ఈసీసీ82 అంటారు. పెద్దది 6080. చిన్నది సిగ్నల్ వోల్టేజ్‌ని పెంచితే, పెద్దది హెడ్‌ఫోన్‌ని నడిపించే కరెంట్ ఇస్తుంది. 12ఏయూ7 బయటికి ఒకటే గాజు గొట్టంలా కనిపించినా లోపల రెండు ట్రయోడ్లు ఉంటాయి. ఈ యాంప్‌లో ఒకటి లెఫ్ట్ ఛానల్‌కి, ఇంకోటి రైట్ ఛానల్‌కి. కాబట్టి మ్యాచ్ చేసిన జత కొనక్కర్లేదు. కానీ ఆ ఒక్క ట్యూబ్‌లోని రెండు సగాలూ ఒకేలా పనిచేయాలి.

ఇక వింటేజ్ సంగతి. ఒకప్పుడు రేడియోలు, టీవీలు అన్నీ ఈ ట్యూబులతోనే నడిచేవి. మన తాతలు రేడియో వాల్వులు అన్నవి ఇవే. ఇంగ్లండ్‌లో బ్లాక్‌బర్న్‌లోని మల్లార్డ్ ఫ్యాక్టరీ, జర్మనీలో టెలిఫంకెన్, అమెరికాలో ఆర్‌సీఏ పెద్ద పేర్లు. బెంగళూరులో 1954లో మొదలైన మన భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా 1960ల్లో వాల్వులు తయారు చేసింది. ట్రాన్సిస్టర్లు వచ్చాక ఈ ఫ్యాక్టరీలు ఒక్కొక్కటిగా ట్యూబులు ఆపేశాయి. మిగిలిన స్టాక్ తరిగేకొద్దీ రేట్లు పెరుగుతున్నాయి. కొత్తగా కావాలంటే స్లొవేకియాలోని జేజే లాంటి కంపెనీలు ఇప్పటికీ ఈసీసీ82 తయారు చేస్తున్నాయి, పాత మల్లార్డ్‌తో పోలిస్తే చాలా తక్కువ ధరకే దొరుకుతాయి.

నా టెస్ట్‌లో మూడు ట్యూబులు. పాత మల్లార్డ్, కొత్త జేజే, అక్షరాలన్నీ చెరిగిపోయిన ఒక పాత అమెరికన్ ట్యూబ్.

మొదటిసారి మామూలుగానే విన్నా. ఒకే పాట, వాల్యూమ్ నాబ్ ఒకే చోట. మల్లార్డ్ క్లియర్‌గా గెలిచింది. గొంతు దగ్గరగా, బాస్ నిండుగా అనిపించింది. తర్వాత మల్టీమీటర్ తీసి, 200 హెర్ట్జ్ టోన్ ప్లే చేసి, హెడ్‌ఫోన్ జాక్ దగ్గర ఏసీ వోల్టేజ్ కొలిచా. జేజేతో 1.00 వోల్ట్ వస్తే మల్లార్డ్‌తో 1.06 వోల్ట్‌లు వచ్చింది. అంటే అర డెసిబెల్ ఎక్కువ. ఇంత చిన్న తేడాని మన చెవి "సౌండ్ పెరిగింది" అని పట్టుకోదు, "క్వాలిటీ బాగుంది" అనుకుంటుంది. నేను పడిపోయింది సరిగ్గా ఇక్కడే.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ట్యూబ్ మార్చాలంటే యాంప్ ఆపాలి, గాజు చల్లారాలి, కొత్తది పెట్టి వేడెక్కనివ్వాలి. ఇదంతా అయ్యేసరికి పది నిమిషాలు పోతాయి. పది నిమిషాల కిందటి సౌండ్‌ని డీటెయిల్‌గా గుర్తుపెట్టుకోవడం ఎవరివల్లా కాదు. అందుకే హెడ్‌ఫోన్ తగిలించి ఉంచే, స్ప్లిటర్‌తో యాంప్ అవుట్‌పుట్‌ని ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి రికార్డ్ చేశా. మూడు ట్యూబులతో మూడు ఫైళ్లు. లెవెల్స్ సమానం చేసి, ఫూబార్2000లో ఏబీఎక్స్ టెస్ట్ పెట్టుకున్నా. ఏది ఏ ట్యూబో సాఫ్ట్‌వేర్ దాచేస్తుంది, మనం చెవులతోనే కనిపెట్టాలి. మొత్తం 16 సార్లు. అందులో 12 లేదా అంతకంటే ఎక్కువ కరెక్ట్ అయితేనే లెక్క, ఎందుకంటే గుడ్డిగా నొక్కితే అన్ని రావడానికి ఛాన్స్ 4 శాతం లోపే.

మల్లార్డ్, జేజే మధ్య నా స్కోర్ 16కి 9. నాణెం ఎగరేసినా దాదాపు ఇంతే వస్తుంది.

జేజేకీ పేరు తెలియని ఆ పాత ట్యూబ్‌కీ మధ్య మాత్రం 13 వచ్చింది. ఎగిరి గంతేశా. మళ్లీ జాగ్రత్తగా వింటే అసలు సంగతి తెలిసింది. పాట మొదలయ్యే ముందు సైలెన్స్‌లో సన్నగా "స్స్స్" అని వినిపిస్తోంది. నేను పట్టుకున్నది దాని వింటేజ్ టోన్‌ని కాదు, అరిగిపోయిన ట్యూబ్ చేసే నాయిస్‌ని! ఫైల్ మొదట్లోని ఆ సైలెన్స్ కట్ చేసి మళ్లీ టెస్ట్ చేస్తే స్కోర్ 8కి పడిపోయింది.

మరి ట్యూబ్ యాంప్‌కి వేరే సౌండ్ ఉంటుందని అందరూ చెప్పేదంతా అబద్ధమా? కాదు, కానీ అందులో పెద్ద వాటా సర్క్యూట్‌ది. ఈ యాంప్‌లో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, అవుట్‌పుట్ ఇంపీడెన్స్ దాదాపు 120 ఓమ్‌లు. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 ఇంపీడెన్స్ 300 ఓమ్‌లు అని రాసి ఉన్నా, 100 హెర్ట్జ్ దరిదాపుల్లో అది 500 దాటుతుంది. దాంతో ఆ బాస్ భాగం సుమారు 1 డెసిబెల్ లేస్తుంది. చాలామంది చెప్పే ఆ వెచ్చదనంలో ఇదొక ముఖ్యమైన ముక్క. ఏ బ్రాండ్ 12ఏయూ7 పెట్టినా ఇది అలాగే ఉంటుంది. అదే యాంప్‌కి 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ తగిలిస్తే వోల్టేజ్‌లో ఐదో వంతు మాత్రమే దానికి చేరుతుంది.

మీరూ కొనాలనుకుంటే ఇవి గుర్తుపెట్టుకోండి. గాజు మీద ప్రింట్ చేసిన పేరుని నమ్మకండి. పాత మల్లార్డ్‌కి గాజు కింది భాగంలో చెక్కినట్టు కోడ్ ఉంటుంది, టెలిఫంకెన్ ట్యూబుల్లో పిన్నుల మధ్య గాజులోనే డైమండ్ గుర్తు ఉంటుంది. ఇప్పుడు మల్లార్డ్ పేరుతోనే రష్యాలో తయారైనవీ అమ్ముతున్నారు, పాతవీ అవీ ఒకటి కాదు. రెండు సగాల కొలతలు, నాయిస్ టెస్ట్ చూపించని సెల్లర్ దగ్గర కొనకండి. మీరు కూడా వోల్టేజ్ కొలవాలనుకుంటే జాక్ దగ్గరే కొలవండి. యాంప్ లోపల 100 వోల్ట్‌లకు పైగా డీసీ ఉంటుంది, ఆన్‌లో ఉండగా అడుగుభాగం తెరవొద్దు.

నా మల్లార్డ్ ఇంకా యాంప్‌లోనే ఉంది. నా పుట్టుకకి ముందెప్పుడో బ్లాక్‌బర్న్‌లో తయారైన వస్తువు రాత్రిపూట నా టేబుల్ మీద ఎర్రగా వెలుగుతుంటే బాగుంటుంది, ఆ సరదాకే ఉంచుకున్నా. సౌండ్ కోసమని మాత్రం ఇంకెవరికీ చెప్పను. జూనియర్‌కి రెండు స్కోర్ల స్క్రీన్‌షాట్లూ పంపి, "జేజే తీసుకోరా, మిగిలిన డబ్బు మంచి హెడ్‌ఫోన్‌కి పెట్టు" అన్నా. "అయితే ఆ రోజు నాకు కూడా గొంతు దగ్గరగా వినిపించిందేంటన్నా?" అని అడిగాడు. వినమన్నది నేనే, ఏం వినాలో ముందే చెప్పింది కూడా నేనే కదరా అన్నా.