టెర్లింగ్వా పాదరస నిక్షేపాలు: బంకమట్టి పొర, ఇంగిలీకం

రసవైద్య గ్రంథాలలో హింగుళంగానూ, తెలుగువారి వాడుకలో ఇంగిలీకంగానూ పేరొందిన ఎర్రని ఖనిజమే పాదరసానికి ప్రధానమైన ముడిఖనిజం. రసాయనికంగా ఇది మెర్క్యూరిక్ సల్ఫైడ్. దీని బరువులో దాదాపు 86 శాతం పాదరసమే. భూమి పైపొరలో పాదరసం అత్యల్పంగా, చెదురుమదురుగా ఉంటుంది. అది ఒకచోట గనిగా పోగుపడాలంటే దానిని మోసుకువచ్చే ద్రావణంతో పాటు, ఆ ద్రావణాన్ని దారిలో నిలువరించే శిల కూడా కావాలి. ఈ రెండవ అంశాన్ని స్పష్టంగా చూపే క్షేత్రం టెర్లింగ్వా.

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, మెక్సికో సరిహద్దున రియో గ్రాండే నది పెద్ద మలుపు తిరిగే ఎడారి ప్రాంతంలో ఈ క్షేత్రం ఉంది. రైలుమార్గం మీది ఆల్పైన్ పట్టణం ఇక్కడికి దాదాపు 130 కిలోమీటర్ల దూరం. ఇక్కడి అవక్షేప శిలలు క్రిటేషియస్ యుగానికి చెందినవి. అడుగున మందమైన శాంటా ఎలెనా సున్నపురాయి, దానిపై డెల్ రియో బంకమట్టి, ఆపైన బ్యూడా సున్నపురాయి, బొకియాస్ పలకరాళ్లు వరుసగా ఉన్నాయి. టెర్షియరీ కాలంలో ఈ పొరలు వంగి, విరిగి, వాటి మధ్యకు శిలాద్రవం చొచ్చుకువచ్చింది. పాదరసాన్ని మోసిన ఉష్ణజలాలకు ఈ అగ్నిశిలా చర్యతోనే సంబంధం కల్పిస్తారు.

సున్నపురాయి పెళుసైనది కనుక దానిలో ఏర్పడిన పగుళ్లు తెరిచే ఉంటాయి, నీరు వాటిని కరిగించి మరింత వెడల్పు చేస్తుంది. బంకమట్టి స్వభావం ఇందుకు భిన్నం. ఒత్తిడికి సాగి, తన పగుళ్లను తానే పూడ్చుకుంటుంది. పగుళ్ల వెంట పైకి వచ్చిన ద్రావణాలు ఈ పొర అడుగున ఆగి, పక్కలకు వ్యాపించి, చల్లబడుతూ ఇంగిలీకాన్ని విడిచిపెట్టాయి. అందువల్ల ఈ రెండు శిలల హద్దు గని కార్మికులకు దారి చూపే గుర్తు అయింది. అయితే ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటుంది. అనేక చోట్ల ఇంగిలీకం బంకమట్టిలోనే దొరికింది. కింది సున్నపురాయి కరిగి గుహలు ఏర్పడినప్పుడు పైనున్న మట్టి ఆ ఖాళీలలోకి కుంగి, రాతి ముక్కలతో కలిసిపోయింది. అడ్డుగా నిలిచిన పొరే, విరిగి కూలిన చోట, ఖనిజానికి చోటు ఇచ్చింది.

ఈ వివరణను క్షేత్రమంతటికీ వర్తింపజేయడం సరికాదు. బంకమట్టికి పైనున్న బొకియాస్ పలకరాళ్లలో కాల్సైట్ ఈనెలతో పాటు, నిలువు గొట్టాల వంటి శిథిలశిలా మండలాలలో కూడా ఇంగిలీకం లభించింది. స్టడీ బ్యూట్ వద్ద అది అగ్నిశిల పగుళ్లలోనే ఉంది. పగుళ్ల అమరిక అనుకూలించిన చోట ద్రావణాలు బంకమట్టిని దాటిపోయాయని దీనివల్ల తెలుస్తుంది.

ఖనిజశాస్త్రజ్ఞులకు టెర్లింగ్వా పేరు తెలిసినది మరొక కారణంగా. ఎగ్లెస్టోనైట్, టెర్లింగ్వైట్, మాంట్రాయిడైట్ ఖనిజాలను ఇక్కడి నమూనాల ఆధారంగా 1903లో ఆల్ఫ్రెడ్ మోజెస్ వర్ణించాడు. మొదటి రెండింటిలో పాదరసంతో పాటు క్లోరిన్, ఆక్సిజన్ ఉంటాయి. మూడవది మెర్క్యూరిక్ ఆక్సైడ్. పసుపు వన్నె ఎగ్లెస్టోనైట్ వెలుతురు సోకితే నల్లబడుతుంది. క్లైనైట్‌లోనైతే నైట్రోజన్ కూడా ఉంది. ఇవి ప్రధానంగా తొలి ఖనిజం ఆక్సీకరణ చెందగా ఏర్పడినవని సాధారణంగా భావిస్తారు. ప్రదర్శనశాలల్లో వీటికి దక్కే గౌరవం ఎంతైనా, కొలిమికి చేరినది ముఖ్యంగా ఇంగిలీకమే.

ఆ కొలిమి చరిత్రను భూవిజ్ఞానం నుంచి విడదీయలేము. హోవర్డ్ పెర్రీకి చెందిన చిసోస్ మైనింగ్ కంపెనీలో పనిచేసినవారు అధికంగా మెక్సికన్ కార్మికులు. ఇంగిలీకాన్ని కాల్చినప్పుడు వెలువడే పాదరసపు ఆవిరి కొలిమి దగ్గరి వారికి నోటి పుండ్లు, వణుకు తెచ్చే విషం. తూటాల పేలుడు గుళికలకు పాదరసం కావలసిన మొదటి ప్రపంచయుద్ధ కాలంలో గని లాభాలు పెరిగాయి. యుద్ధానంతరం నాణ్యమైన ఖనిజం తరుగుతూ వచ్చింది. శిలల హద్దు వాలును వెంబడిస్తూ గనులు లోతుకు పోయే కొద్దీ నీటిని తోడే ఖర్చు తోడైంది. 1942లో కంపెనీ దివాలా తీసింది.