బెల్టు ఎందుకు కీచుమంటుంది?

చలికాలం తెల్లవారుజామున హిందూపురంలో ఏ టాక్సీ స్టాండు దగ్గరో ఒక పది నిమిషాలు నిలబడి చూడండి. రాత్రంతా మంచులో తడిసిన బండ్లు ఒక్కొక్కటే బయలుదేరుతుంటాయి. తాళం చెవి తిప్పగానే వాటిలో ఏదో ఒక పాత కారు ‘కీ...చ్’ మని చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. రెండు మూడు నిమిషాలకు దానంతట అదే ఊరుకుంటుంది. డ్రైవరును అడిగితే “బెల్టు సార్, వేడెక్కితే పోతుంది” అంటాడు. అతడి మాట నిజమే కాని, సగమే నిజం. మిగతా సగం తెలియాలంటే ఆ బెల్టు చేసే పనేమిటో ముందు చూడాలి.

ఇంజను ఆపి, తాళం చెవి డ్రైవరు జేబులో పడ్డాక కారు బానెట్ ఎత్తించండి. ఇంజనుకు ఒక పక్క నాలుగైదు పుల్లీలు, అంటే కప్పీలు కనిపిస్తాయి. వాటిలో అడుగున ఉన్నది క్రాంక్ షాఫ్టు కొసకు బిగించినది. ఇంజను శక్తి అక్కడి నుంచి రబ్బరు బెల్టు ద్వారా మిగతా పుల్లీలకు అందుతుంది. వాటిలో ఒకటి బ్యాటరీకి విద్యుత్తునిచ్చే ఆల్టర్నేటరును తిప్పుతుంది. చాలా బండ్లలో ఇంజనును చల్లబరిచే నీటి పంపును, ఏ.సి. కంప్రెసరును, పాత కార్లలోనయితే స్టీరింగు పంపును కూడా ఈ బెల్టే తిప్పాలి. అంబాసిడర్ కారులో ‘వి’ ఆకారపు ఫ్యాను బెల్టు ఉండేది. ఇప్పటి చాలా కార్లలో లోపలివైపు నిలువు గాళ్ళున్న పొడవాటి బెల్టు ఒకటే పాములా అన్ని పుల్లీలనూ చుట్టి వస్తుంది. విద్యుత్ కార్లకు ఇంజనే లేదు కనుక వాటికి ఈ బాధ లేదు.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కర్మాగారం పని మొదలుపెట్టింది. ఏటా మూడు లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యంతో కట్టిన కర్మాగారమది. కారంటే మన ప్రాంతపు పిల్లలకు ఇప్పుడు దూరపు వస్తువు కాదు. అయితే బెల్టు మనకు అంతకు ఎంతో ముందు నుంచే తెలుసు. పిండిమిషను దగ్గర, చెరకు గానుగ దగ్గర, ధర్మవరంలో మరమగ్గం మోటారు దగ్గర మీరు దాన్ని చూసే ఉంటారు.

నున్నటి ఇనుప పుల్లీని ఒక రబ్బరు పట్టీ ఎలా తిప్పగలుగుతోంది? దీనికి జవాబు పశువుల పాకలోనే ఉంది. మొండికేసిన కోడెను ఒక కుర్రవాడు లాగి ఆపలేడు. కాని పలుపును గుంజకు రెండు చుట్లు చుట్టి కొస పట్టుకుంటే ఆపగలడు! తాడుకూ గుంజకూ మధ్య ఉన్న ఘర్షణే అతడికి తోడు. 18వ శతాబ్దంలో ఆయిలర్ అనే గణితవేత్త ఇందులోని లెక్కను తేల్చాడు. ఘర్షణ గుణకం 0.3 అనుకుందాం. అర చుట్టుకు మన పట్టు సుమారు రెండున్నర రెట్లవుతుంది. పూర్తి చుట్టుకు ఆరున్నర రెట్లు. రెండు చుట్లకు పదమూడు అనుకుంటున్నారా? కాదు, 43 రెట్లు! చుట్టు పెరిగినకొద్దీ పట్టు కూడికతో కాక గుణకారంతో పెరుగుతుంది.

బెల్టు పుల్లీని చుట్టేది దాదాపు అర చుట్టే. అందుకే దాన్ని ‘వి’ ఆకారంలో చేస్తారు. బెల్టును లాగినకొద్దీ అది గాడిలోకి మేకులా దిగి, రెండు పక్కల గోడలనూ ఒత్తుతుంది. గాడి కోణం 40 డిగ్రీలయితే రెండున్నర రెట్ల పట్టు కాస్తా పదిహేను రెట్లకు చేరుతుంది. అయితే ఒక్క మాట గుర్తుంచుకోవాలి. కుర్రవాడు తాడు కొస వదిలేస్తే ఎన్ని చుట్లున్నా కోడె ఆగదు. బెల్టు సంగతీ అంతే. వదులు వైపు బిగువు సగానికి తగ్గితే అది మోయగల భారం కూడా సగమే. దాన్ని బిగువుగా ఉంచడానికే ఇప్పటి కార్లలో స్ప్రింగుతో నొక్కే ఒక పుల్లీని అదనంగా పెడతారు.

ఇక అరుపు సంగతి. నల్లబల్ల మీద సుద్దముక్క కీచుమంటే తరగతి మొత్తం చెవులు మూసుకుంటుంది కదా! అక్కడ సుద్దముక్క నునుపుగా జారడం లేదు. అంటుకుని ఆగుతుంది, చెయ్యి తోసేసరికి విడిపోయి జారుతుంది, మళ్ళీ అంటుకుంటుంది. కదలని వస్తువు మీది స్థైతిక ఘర్షణ జారుడు ఘర్షణ కన్న ఎక్కువ కావడమే దీనికి కారణం. ఈ అంటుకోవడం, జారడం సెకనుకు వందల వేల సార్లు జరిగితే మనకు శబ్దంగా వినిపిస్తుంది. పౌనఃపున్యం పెరిగితే కీచుదనం పెరుగుతుందని మీరు చదువుకున్నారు. వయొలిన్ తీగ పలికేదీ ఇదే సూత్రం మీద. కమానుకు రోజిన్ రాసేది ఆ అంటుకునే గుణం కోసమే. వయొలిన్ పలికితే కచేరీ, బెల్టు పలికితే ఖర్చు!

తెల్లవారుజామునే ఈ అరుపు ఎందుకు? ఇంజను స్టార్టు చేయడంలో బ్యాటరీ కొంత ఖర్చయిపోతుంది. దాన్ని వెంటనే నింపాలి కనుక ఆల్టర్నేటరు బరువుగా తిరుగుతుంది. పైగా చల్లటి రబ్బరు గట్టిగా ఉంటుంది, దాని మీద మంచు తడి కూడా చేరుతుంది. బిగువు చాలినంత ఉన్న బెల్టు ఈ మూడింటినీ తట్టుకుంటుంది. వదులైన బెల్టు జారి అరుస్తుంది. వేడెక్కాక అరుపు పోవచ్చు, వదులు మాత్రం పోదు. ఏ.సి. వేయగానే అరుపు మొదలైనా అనుమానం వదులు మీదికే పోవాలి.

అన్ని శబ్దాలూ ఒకటి కావు. సాగదీసిన ‘కీ...చ్’ జారుడుకు గుర్తు. పిచ్చుకలా ‘కిచ్ కిచ్’ మని తెగి తెగి వస్తే సాధారణంగా పుల్లీలు ఒకే వరుసలో లేవని అర్థం. బెల్టు గాడిలోకి ఏటవాలుగా దిగి, గోడను రాసుకుంటోందన్నమాట. ‘ఊ...’ అనే గురగుర, మూలుగు ఇంజను వేగంతో పాటు హెచ్చుతుంటే అది బెల్టు తప్పు కాకపోవచ్చు. లోపల ఏదో బేరింగు అరిగి ఉంటుంది. పాత కార్లలో స్టీరింగు తిప్పినప్పుడే మూలుగు వస్తే పంపులో నూనె తగ్గిందేమో ముందు చూస్తారు.

మొదటి రెండింటినీ విడదీయడానికి మెకానిక్కులు ఒక చక్కని పరీక్ష చేస్తారు. ఇంజను నడుస్తుండగా, దూరం నుంచి బెల్టు గాళ్ళ వైపు కొద్దిగా నీళ్ళు చిమ్ముతారు. శబ్దం ఆగి కాసేపటికి మళ్ళీ మొదలైతే వరుస తప్పింది. తడి ఉన్నంతసేపూ రాపిడి నునుపయిందన్నమాట. శబ్దం ఇంకా పెరిగితే బెల్టు వదులు, తడికి మరింత జారింది. నాకయితే వేలకు వేలు పోసి కొనే పరికరాల కన్న ఈ సీసాడు నీళ్ళ పరీక్షే అందంగా ఉంటుంది. దీన్ని మీరు చూడండి, చేయకండి. తిరిగే బెల్టు ఓణీ కొంగును, చొక్కా చేతిని, వేలిని ఒక్క క్షణంలో లాగేసుకుంటుంది.

మీరు చేయదగినది లెక్క. క్రాంకు పుల్లీ వ్యాసం 15 సెంటీమీటర్లు, బెల్టు పొడవు 188 సెంటీమీటర్లు అనుకోండి. పుల్లీ చుట్టుకొలత 47 సెంటీమీటర్లు కనుక, అది నాలుగుసార్లు తిరిగితే బెల్టు ఒకసారి తిరుగుతుంది. ఇంజను నిమిషానికి 800 సార్లు తిరుగుతుంటే బెల్టు 200 సార్లు, అంటే సెకనుకు మూడుకు కాస్త పైన. ‘కిచ్ కిచ్’ కూడా సెకనుకు మూడేసి చొప్పున వస్తుంటే బెల్టు మీదే ఒకచోట దెబ్బ ఉందన్నమాట. సెకనుకు పదమూడు చొప్పున గబగబా వస్తుంటే అనుమానించవలసింది క్రాంకు పుల్లీని.

నేనెరిగిన ఒక టాక్సీ యజమాని ఏడాదిలో మూడు బెల్టులు మార్చాడు. కొత్తది వేసిన వారానికే మళ్ళీ కిచకిచ. చివరికి ఒక ముసలి మెకానిక్కు పుల్లీల మీద ఇనుప స్కేలు ఆనించి చూశాడు. ఆల్టర్నేటరు బిగించిన చోట ఒక వాషరు లేదు! పుల్లీ రెండు మిల్లీమీటర్లు లోపలికి జరిగి ఉంది. వాషరు వేయగానే శబ్దం ఆగిపోయింది. అరుస్తున్నది బెల్టే అయినా తప్పు బెల్టుది కాదు. బెల్టుకు ఏదో ద్రవం పూసి నోరు మూయించేవారూ ఉన్నారు. అది జ్వరం చూసే థర్మామీటరును విరగ్గొట్టడం లాంటిది.

అరుపును వినీ విననట్టు వదిలేస్తే ఏమవుతుంది? పెనుకొండ దాటాక 44వ జాతీయ రహదారి మీద, మే నెల మధ్యాహ్నం, ఆ బెల్టు తెగిందనుకోండి. మొదట ఎర్రటి బ్యాటరీ దీపం వెలుగుతుంది. నీటి పంపు దాని మీదే ఆధారపడిన బండి అయితే, కాసేపట్లో వేడి ముల్లు పైకి లేస్తుంది. అక్కడే ఆపేస్తే పోయేది ఒక బెల్టు. ధర్మవరం ఎంతో దూరం లేదు కదా అని నడిపితే సిలిండరు మూత వంగిపోయి, ఇంజను విప్పదీయవలసి వస్తుంది. ఆ కారు మీద బతికే ఇంటికి అది నెలల సంపాదన.

పాతకాలపు బెల్టులు అరిగితే పగుళ్ళు చూపేవి, చూడగానే తెలిసేది. ఇప్పటివి ఇ.పి.డి.ఎం. అనే కృత్రిమ రబ్బరుతో చేస్తున్నారు. ఇవి సులభంగా పగలవు, టైరులా లోలోపల అరుగుతాయి. పైకి నిగనిగలాడుతూనే ఉంటాయి కాని, గాళ్ళు వెడల్పయి, బెల్టు గాడి అడుక్కు ఆని, పక్క గోడలను ఒత్తలేకపోతుంది. అందుచేత మంచి మెకానిక్కు బెల్టు రంగు చూడడు. ఇంజను ఆపి, గాళ్ళ లోతును కొలతబిళ్ళతో కొలుస్తాడు.