నెట్ పోయినా లెక్క ఆగొద్దు!

ఒక్కసారి ఫోన్‌లో ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్ చేసి, రోజూ వాడే యాప్‌లు ఒక్కొక్కటీ తెరిచి చూడండి. కాలిక్యులేటర్ పనిచేస్తుంది. గ్యాలరీ తెరుచుకుంటుంది. మిగతావాటిలో చాలావరకు తెల్లటి స్క్రీన్, మధ్యలో గిరగిరా తిరిగే చక్రం. రీల్స్ రాకపోతే మనకు పోయేదేం లేదు. అదే చక్రం ఓ దుకాణంలో లెక్కల కంప్యూటర్ మీద తిరిగితే? దాని ముందు, పంట అమ్ముకుని డబ్బుల కోసం నిలబడ్డ రైతు ఉంటే?

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఉండేది ఎల్బీనగర్ దగ్గర. కంపెనీ ఉద్యోగం మానేసి రెండేళ్లుగా సొంతంగా చిన్న చిన్న డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌లు రాసి అమ్ముతున్నా. ‘ఈ రోజుల్లో డెస్క్‌టాప్ ఏంట్రా బాబూ’ అని ఫ్రెండ్స్ నవ్వుతారు. వాళ్లకు నేను చూపించే జవాబు బాటసింగారంలో ఉంది.

చిట్టీ కాదు, ఆధారం

కొత్తపేటలో ఏళ్ల తరబడి నడిచిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021-22లో బాటసింగారానికి మారింది. దిల్‌సుఖ్‌నగర్ పక్కనే ఉండే మార్కెట్ కాస్తా ఎల్బీనగర్, హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట దాటి విజయవాడ హైవే మీదికి వెళ్లిపోయింది. ఎండాకాలం వచ్చిందంటే అక్కడ మామిడి బండ్లు బారులు తీరతాయి. మనం బంగినపల్లి అనే పండును ఇక్కడ చాలామంది బేనిషాన్ అంటారు.

వేలం అయ్యాక రైతుకు ఇవ్వాల్సిన కాగితం పేరు తక్‌పట్టీ. బరువెంత, రేటెంత, కోతలు పోను చేతికొచ్చేదెంత... అన్నీ అందులో ఉండాలి. అది లేకుండా ఏదో తెల్లకాగితం మీద నాలుగు అంకెలు రాసిస్తే, తరుగు కింద ఎంత తీశారని తర్వాత అడగడానికి రైతు దగ్గర ఏ రుజువూ ఉండదు. అందుకే ఆ ప్రింటర్ ఆగకూడదు.

నేను ప్రోగ్రామ్ రాసిచ్చిన దుకాణంలో అంతకుముందు నెలనెలా చందా కట్టే ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్ ఉండేది. నెట్ నెమ్మదిస్తే చిట్టీ రాదు. ఓ రోజు పొద్దున చూస్తే స్క్రీన్ మొత్తం మారిపోయి ఉంది. రాత్రికి రాత్రే అప్‌డేట్ వచ్చిందట! అక్కడి గుమస్తా నాతో అన్న మాటలే నాకు డిజైన్ డాక్యుమెంట్: “తమ్మీ, నాకు రంగులొద్దు, బొమ్మలొద్దు. ఎంటర్ కొడితే చిట్టీ రావాలె. నెట్ ఉన్నా లేకున్నా లెక్క ఆగొద్దు. గంతే.”

కరెంటు పోతే?

ఆ ‘గంతే’ వెనకాల చాలా పనుంది. ఒక లాట్ అమ్ముడైతే కంప్యూటర్‌లో కనీసం మూడు చోట్ల రాయాలి. రైతు ఖాతాలో జమ, కొన్నవాళ్ల ఖాతాలో బాకీ, హమాలీ లెక్క. రెండు రాశాక కరెంటు పోయిందనుకోండి, మూడోది గల్లంతు. రాత్రికి లెక్క కుదరదు.

దీనికి నేను వాడేది ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్. అమెరికాకు చెందిన రిచర్డ్ హిప్ 2000లో మొదలుపెట్టాడు. ఫ్రీ. సర్వర్ అక్కర్లేదు, లెక్కంతా ఒకే ఒక్క ఫైల్‌లో ఉంటుంది. మూడూ రాస్తే మూడూ ఉంటాయి, మధ్యలో ఆగితే ఒక్కటీ ఉండదు. కరెంటు వచ్చాక ఫైల్ తెరవగానే సగంలో ఆగిన రాతను అదే తుడిచేస్తుంది. గుమస్తా ఆ లాట్ మళ్లీ కొడితే సరి.

ఇదేదో మూలన పడ్డ పాత వస్తువు అనుకునేరు! ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ, ప్రతి ఐఫోన్‌లోనూ ఉంది. మీ ఫోన్‌లో వాట్సాప్ చాట్లు దాచుకునేది కూడా ఇందులోనే. 2050 వరకూ దీన్ని చూసుకుంటామని తయారుచేసినవాళ్లు మాటిచ్చారు. మన యాప్‌లలో ఎన్నింటికి వచ్చే ఏడాది గ్యారంటీ ఉంది?

ఫైల్ బతకాలి

ప్రోగ్రామ్ కన్నా ఫైల్ ఎక్కువ కాలం బతకాలి. నేను నమ్మే సూత్రం ఇదొక్కటే. పాత దుకాణాల్లో ఫాక్స్‌ప్రో పేరు విని ఉంటారు. మైక్రోసాఫ్ట్ దానికి 2015 జనవరిలో సపోర్ట్ ఆపేసింది. అయినా అందులో రాసుకున్న డీబీఎఫ్ ఫైళ్లను ఈరోజు లిబ్రేఆఫీస్‌లో తెరిచి చదువుకోవచ్చు. ప్రోగ్రామ్ ముసలిదైనా లెక్క పోలేదు.

దీనికి రివర్స్ ఉదాహరణ మన తెలుగే. పెళ్లికార్డులు, పుస్తకాలు ఏళ్లపాటు అను ఫాంట్లలో టైప్ చేశాం. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే కనిపించేది పిచ్చి గీతలే. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటూ వచ్చింది. కానీ టైప్ చేయడం ఎలా? 2006లో వీవెన్ ‘లేఖిని’ తెచ్చాడు. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే పక్కనే తెలుగు. లాగిన్ లేదు, హడావుడి లేదు. దాని వెనకున్నది నాగార్జున వెన్న తయారుచేసిన ‘పద్మ’. నా తక్‌పట్టీలో రైతు పేరు యూనికోడ్ తెలుగులోనే ఉంటుంది. పదేళ్ల తర్వాత ఎవరు తెరిచినా పేరు పేరులాగే కనిపించాలి కదా.

మరి క్లౌడ్ చెడ్డదా?

అస్సలు కాదు. యూపీఐకి మామూలుగా నెట్ కావాలి. నాలుగు ఊళ్లలో బ్రాంచీలున్న వ్యాపారానికి ఆన్‌లైన్ సాఫ్ట్‌వేరే సుఖం. హార్డ్ డిస్క్ కాలిపోతే ఏం చేస్తావని మీరడిగితే, న్యాయమైన ప్రశ్నే. అందుకే రోజూ దుకాణం కట్టేసేటప్పుడు ఆ ఒక్క ఫైల్ పెన్‌డ్రైవ్‌లోకి, నెట్ ఉంటే ఆన్‌లైన్‌లోకీ కాపీ అవుతుంది. పెన్‌డ్రైవ్ గుమస్తా జేబులో ఇంటికి వెళ్తుంది. నెట్ పనికి తోడుండాలి, పనికి తాళం కాకూడదు. తేడా అంతే.

అప్‌డేట్ల సంగతీ అంతే. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచంలో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడకేశాయి. మన శంషాబాద్‌లో బోర్డింగ్ పాస్‌లు పెన్నుతో రాసిచ్చారు. సెక్యూరిటీ అప్‌డేట్లు వద్దనను. నా ప్రోగ్రామ్ మాత్రం మామిడి సీజన్ మధ్యలో తనంతట తాను మారదు. ఎప్పుడు మార్చాలన్నది దుకాణం వాళ్ల ఇష్టం.

రేపు నేను లేకపోతే?

ఒంటరి డెవలపర్‌ని ఎవరైనా అడగాల్సిన అసలు ప్రశ్న ఇది. నేను మళ్లీ ఉద్యోగంలో చేరి బెంగళూరు వెళ్లిపోతే? సేటు ఇదే అడిగాడు. మొత్తం లెక్కను ఎక్సెల్‌లో తెరుచుకునేలా బయటికి తీసే బటన్ మొదటి స్క్రీన్ మీదే పెట్టాను. నన్ను వదిలించుకునే దారి నేనే చూపిస్తున్నా అన్నమాట! చందా మోడల్‌తో పోలిస్తే డబ్బులు తక్కువే. ఒకసారి కొంటే అయిపోయింది, సర్వీస్‌కు పిలిస్తేనే మళ్లీ ఛార్జ్. కానీ నా దగ్గరున్నవాళ్లు ఇరుక్కుపోయి ఉన్నవాళ్లు కాదు, ఉండాలనుకుని ఉన్నవాళ్లు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ బిల్డింగ్ చూసినా క్లౌడ్, ఏఐ కోర్సుల బోర్డులే. నేర్చుకోండి, మంచిదే. దాంతోపాటు మీ వీధిలో కిరాణా షాపుకో, మీ నాన్న మెకానిక్ షెడ్డుకో పనికొచ్చే ఒక చిన్న ప్రోగ్రామ్ రాసి చూడండి. రాసేవాళ్లయినా కొనేవాళ్లయినా మూడే మూడు ప్రశ్నలు వేసుకోండి. నెట్ లేకపోతే పని నడుస్తుందా? నా లెక్క నా చేతిలో ఉందా? తయారుచేసినవాడు మాయమైతే ఆ ఫైల్ తెరుచుకుంటుందా?

మూడింటికీ అవునని జవాబొస్తే, అది చూడ్డానికి ఎంత పాతగా ఉన్నా మంచి సాఫ్ట్‌వేరే.