పని చేయలేనివాడు సోమరియా?

ఉన్మాదము శమించిన పిమ్మట మనిషి యథాపూర్వముగ పనిలోనికి రావలెనని లోకులు తలంతురు. స్కిజోఫ్రీనియా విషయమున నీ తలంపు చెల్లదు. ఔషధములచే అశరీరవాక్కులును అనుమానములును అణగినను, అవధానము, జ్ఞాపకము, ఆలోచనావేగము చాలమందిలో కుంటువడియే యుండును. జర్మను వైద్యుడగు క్రేపెలిన్ 19వ శతాబ్దాంతముననే దీనిని గుర్తించెను. నేటి మందులు సయితము దీనిని అంతగా మార్పజాలవు.

ఎమ్మిగనూరు నేతగానికి చేతిబలము తగ్గదు. కాని అంచురంగుల వరుస తప్పును. ఆదవాని ప్రత్తి మార్కెట్టులో గుమాస్తాకు తూకపు లెక్క నడుమ తెగిపోవును. ఇంటివారు సోమరితన మందురు.

దీనిని కొలుచు టెట్లు? 'మాట్రిక్స్' పరీక్షావళి అవధానము, స్మృతి మొదలగు 7 శక్తులను పరీక్షించును. కాని బడిమెట్లెక్కని వానికి అంకెలు తగ్గినంతమాత్రమున నది రోగఫలమనరాదు. కావున నిత్యజీవనమును గూడ విచారింపవలెను. భారత మనోవైద్య సంఘము 2002లో వెలువరించిన 'ఐడియాస్' కొలమానము స్వసంరక్షణ, పరులతో మెలగుట, సంభాషణ, వృత్తి అను నాలుగింటికి 0 నుండి 4 వఱకు అంకెలు వేసి, రోగకాలమును జతపరచును. వైకల్యము 40 శాతమునకు చేరెనేని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము క్రింద ప్రత్యేక సహాయమునకు అర్హత కలుగును.

ఈ నిర్ణయమున కుటుంబసాక్ష్యమే ప్రధానము. పరువునకై "అంతయు బాగున్న"దనువారు రోగి హక్కును హరించువారే. పూర్వ మాతడేమి చేసెడివాడు, నేడెవరు గుర్తుచేసిన చేయుచున్నాడు అను రెండును వైద్యునకు దాచక చెప్పుడు. పని యిచ్చువారును ఒక్కొక్క పనిగ నొప్పగింతురుగాక. సోమరియను నింద చికిత్స కాదు.