షుగర్ పెరిగితే టైముంటది, పడిపోతే ఉండదు

మన ఆదిలాబాద్‌లో ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందంటే అందరి భయం ఒక్కటే, "పెరుగుతదేమో" అని. కానీ నిమిషాల్లో మనిషిని పడేసేది లో షుగర్.

బాపు పొద్దున గ్లిమెపిరైడ్ గోలీ వేసుకుని, ఏమీ తినకుండా పత్తి చేనుకు పోయిండనుకోండి. కోడ్ రాసేటోడిగా చెప్తున్నా, ఆ గోలీలో "తిన్నడా లేదా" అనే కండిషన్ ఉండదు. ఇన్సులిన్‌ను వదిలిస్తూనే ఉంటది. చెమటలు, వణుకు, గుండె దడ, పొంతన లేని మాటలు. చూసినోళ్లు తాగిండేమో అనుకుంటరు! మీటర్‌లో 70 కన్నా తక్కువ చూపిస్తే అది లో. వెంటనే 3 చెంచాల చక్కెర నీళ్లల్లో కలిపి తాగించండి. 15 నిమిషాలకు మళ్లీ చూడండి, 70 దాటకపోతే మళ్లీ ఇవ్వండి. దాటినాక జొన్న రొట్టె తినిపించాలి, ఎందుకంటే గోలీ పని ఇంకా అయిపోలేదు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ కొట్టండి.

హై అయితే దాహం, మాటిమాటికి మూత్రం, నీరసం. మామూలుగా రోజుల తరబడి మెల్లగా ముదురుతది. వాంతులు, ఆయాసం తోడైతే మాత్రం ఆగొద్దు, రిమ్స్‌కు తీసుకపోండి.

మీటర్ లేదా? మనిషి స్పృహలో ఉండి వణుకు, చెమటలు కనిపిస్తే లో అనుకునే చక్కెర ఇవ్వండి. ఒకవేళ హై ఉన్నా ఆ 3 చెంచాలతో పెద్ద నష్టం లేదు.