‘పాస్ అవుట్’ అంటే డిగ్రీ ఒక్కటే కాదు!

అమ్మ ఆర్నెల్లు ఉండి వెళ్దామని మా దగ్గరికి న్యూజెర్సీ వచ్చింది. ఒకరోజు పొద్దున్నే వంటగదిలో పడిపోయింది. కంగారుగా ఆస్పత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. నేను కారు పార్క్ చేసి వచ్చేసరికే నర్సు ప్రశ్నలు మొదలుపెట్టింది.

‘డిడ్ యూ పాస్ అవుట్?’ అని అడిగింది.

అమ్మ కాస్త సిగ్గుపడుతూ, ‘నో సిస్టర్... మ్యారేజ్’ అంది.

డిగ్రీ రెండో ఏడాదిలో పెళ్లయి చదువు ఆగిపోయిన సంగతి చెబుతోంది తను. నర్సుకు ‘మ్యారేజ్’ సంగతి అర్థం కాలేదు కానీ, ‘నో’ మాత్రం అర్థమైంది. కంప్యూటర్‌లో అదే ఎక్కించబోయింది. ఆమె అడిగింది చదువు గురించి కాదు, స్పృహ తప్పిందా అని. దాదాపు నిమిషంపాటు పిలిచినా అమ్మ పలకలేదని నేను చెప్పాక జవాబు మారింది. గుండె కొట్టుకునే తీరు గమనించాలంటూ ఆ రాత్రికి అక్కడే ఉంచారు. అదృష్టవశాత్తూ పెద్ద సమస్యేమీ లేదని మర్నాడు పంపించారు.

మన ఊళ్లలో ‘నువ్వు ఏ ఇయర్ పాసవుట్?’ అనేది రోజూ వినే మాట. ఉద్యోగ ప్రకటనల్లోనూ ‘2024 పాసవుట్స్’ అని వేస్తారు. ఇది గాలిలోంచి పుట్టింది కాదు. బ్రిటిష్ ఇంగ్లీషులో సైనిక, పోలీసు శిక్షణ ముగించుకుని బయటికి రావడాన్ని ‘పాస్ అవుట్’ అంటారు. హైదరాబాద్‌లోని జాతీయ పోలీసు అకాడమీలో జరిగే ఐపీఎస్‌ల ‘పాసింగ్ అవుట్ పరేడ్’ అదే. మన దగ్గర ఆ మాట కాలేజీలకూ పాకింది.

అమెరికాలో ఈ వాడుక దాదాపు లేదు. ఇక్కడ ‘పాస్ అవుట్’కు మొదటి అర్థం స్పృహ తప్పడం. రెండోది, అలసిపోయో, తాగో ఒళ్లు తెలియకుండా నిద్రపోవడం. మూడోది, పంచిపెట్టడం. ‘పాస్ అవుట్ ద బుక్స్’ అని టీచర్ చెబితే పుస్తకాలు అందరికీ ఇవ్వమని. పంచే వస్తువు పేరు పక్కనే ఉంటే పంచిపెట్టడం, లేకపోతే మనిషికి ఏదో అయిందని గుర్తుపెట్టుకోవచ్చు. ‘పాస్ అవే’ అంటే మాత్రం చనిపోవడం. కంగారులో ఈ రెండూ తారుమారైతే ఇంకా ప్రమాదం.

ఇంకో చిక్కు మన తెలుగులోనే ఉంది. ‘కళ్లు తిరిగాయి’ అంటే తల తిరగడమూ కావచ్చు, స్పృహ తప్పి పడిపోవడమూ కావచ్చు. డాక్టర్లకు ఆ రెండూ ఒకటి కాదు. స్పృహ తప్పిందంటే ఎంతసేపు, తలకు దెబ్బ తగిలిందా, గుండె లయలో తేడా ఉందా అని వెతుకుతారు. అందుకే పెద్దవాళ్లను అడిగేటప్పుడు ‘కళ్లు తిరిగాయా?’ అని ఆపేయకుండా, ‘పడిపోయింది నీకు గుర్తుందా? మధ్యలో ఏమైందో తెలుసా?’ అని అడగాలి. చూసినవాళ్లెవరైనా ఉంటే వాళ్లచేత చెప్పించాలి.

అమ్మానాన్నలకు ఇంగ్లీషు వచ్చు కదా అని వదిలేయొద్దు. 2010 నాటి అఫర్డబుల్ కేర్ యాక్ట్‌లోని 1557వ సెక్షన్ ప్రకారం, ఫెడరల్ నిధులు అందుకునే ఆస్పత్రులు ఇంగ్లీషు అంతగా రాని రోగులకు ఉచితంగా భాషా సాయం అందించాలి. ‘తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్’ అని అడగడానికి మొహమాటపడక్కర్లేదు. చాలాచోట్ల ఫోన్‌లోనో, వీడియోలోనో కలుపుతారు. ‘ఐ ఫెయింటెడ్’ అన్న రెండు ముక్కలు కూడా పెద్దవాళ్లకు నేర్పి ఉంచితే మంచిది.

ఉద్యోగాల వేటలో ఉన్న మన పిల్లలకూ ఓ మాట. రెజ్యూమెలో ‘పాస్డ్ అవుట్ ఇన్ 2022’ అని రాయకండి. ‘గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2022’ అనండి. లేకపోతే ఆ ఏడాది మీరు మూర్ఛపోయారనుకుంటారు!

ఇంటికొచ్చాక అమ్మకు ఇదంతా విడమరిచి చెప్పాను. కాసేపు ఆలోచించి నవ్వింది.

‘పోనీలే, ఈ వయసులోనైనా నేనూ పాసవుట్ అయ్యాను’ అంది.